కుచ్చిళ్లు పడిన టోపీ, ముడుచుకుపోయిన టోపీ

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారాలు. మాది గుంటూరు. మా అమ్మాయి, అల్లుడు హైదరాబాదులో ఉంటారు. మనవడికి మూడో ఏడు వచ్చింది. డిసెంబరులో తిరుమలలో వాడికి పుట్టువెంట్రుకలు తీయించాలి. గుండు చేయించాక కొండమీద చలికి వాడి తల మీద నా చేత్తో అల్లిన టోపీ ఉండాలని నా కోరిక. చిన్నప్పుడు బడిలో క్రోషియా సూదితో గొలుసు కుట్టు, పొట్టి కుట్టు నేర్చుకున్నాను, అంతే. ఫోన్లో వీడియో చూస్తూ వరసవరసకీ 12, 24, 36 కుట్లు అని పెంచుకుంటూ అల్లితే అంచంతా కుచ్చిళ్లు పడింది. ఇలా కాదని ఇంట్లో ఉన్న పాత ఇంగ్లీషు పుస్తకం తీశాను. అందులో డబల్ క్రోషియా అని ఉంటే పట్టుబట్టి అది కూడా నేర్చుకుని 6, 12, 18 అని అల్లాను. ఈసారి గిన్నెలా ముడుచుకుపోయింది. లెక్క మాత్రం రెండుసార్లూ తప్పలేదు. పక్కింటావిడ ఉలన్ దారమే వెచ్చన అంటోంది, పైన పెద్ద ఉలన్ బంతి, గడ్డం కింద కట్టడానికి తాళ్లు పెట్టమంటోంది. మా అమ్మాయేమో "ఎందుకమ్మా నీకీ తిప్పలు, వంద రూపాయలకి కొనుక్కోవచ్చు కదా" అంటోంది. నేనెక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.
ఒక అమ్మమ్మ, గుంటూరు

సమాధానం: అమ్మా, మీరు ఆ అంకెలు రాయబట్టి నా పని తేలికైంది. మీ లెక్క తప్పలేదు, మీ చెయ్యీ తప్పలేదు. రెండుసార్లూ ఒక కుట్టు లెక్కని ఇంకో కుట్టుకి వాడారు, అంతే జరిగింది. 12, 24, 36 అనేది పొడుగు కుట్టు లెక్క. దాన్ని మీకు చిన్నప్పటి నుంచి వచ్చిన పొట్టి కుట్టుతో అల్లారు. 6, 12, 18 అనేది పొట్టి కుట్టు లెక్క. దాన్ని కొత్తగా నేర్చుకున్న పొడుగు కుట్టుతో అల్లారు. మొదటిది కుచ్చిళ్లు పడక ఏం చేస్తుంది? రెండోది ముడుచుకోక ఏం చేస్తుంది?

ఆ పుస్తకం ఇంగ్లండు పద్ధతిలో రాసినదై ఉంటుంది. అక్కడివాళ్లు డబల్ క్రోషియా అనేది మీ పొట్టి కుట్టునే. అమెరికావాళ్లు దాన్ని సింగిల్ క్రోషియా అంటారు, వాళ్ల డబల్ అంటే పొడుగు కుట్టు. ఇప్పుడు ఫోన్లో కనిపించే వీడియోలు ఎక్కువగా అమెరికా పద్ధతివే. ఏ నమూనా చేతికొచ్చినా ముందు అందులో సింగిల్ క్రోషియా అన్న మాట ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఉందంటే చాలావరకు అది అమెరికా పద్ధతి. ఇప్పటి ఇంగ్లండు పద్ధతిలో ఆ మాట మామూలుగా వాడరు. ఈ ఒక్కటీ చూసుకుంటే చాలా దారం, చాలా ఓపిక మిగులుతాయి. నేను ఇక్కడ ఆ గొడవ లేకుండా పొట్టి కుట్టు, పొడుగు కుట్టు అనే రాస్తాను.

వరసకి 6 ఎందుకు, 12 ఎందుకు అన్నది తెలిస్తే ఇక మీకు ఏ పుస్తకమూ అక్కర్లేదు. నడినెత్తి నుంచి బయటికి ఒక్కో వరస అల్లుకుంటూ పోతున్నాం కదా. మధ్య నుంచి అంచుకి దూరం ఒక సెంటీమీటరు పెరిగితే చుట్టుకొలత 6.28 సెంటీమీటర్లు పెరగాలి. బడిలో చదువుకున్న వృత్తం లెక్కే ఇది. పొట్టి కుట్టు ఎంత వెడల్పో దాదాపు అంతే ఎత్తు. అందుకే వరసకి 6 కుట్లు పెరిగితే సరిపోతుంది. పొడుగు కుట్టు ఎత్తు దాని వెడల్పుకి సుమారు రెండింతలు. కాబట్టి దానికి 12 పెరగాలి. పొట్టి కుట్టు వేస్తూ 12 పెంచితే బట్టకి చోటు చాలక అంచు పైకీ కిందికీ లేస్తుంది. పొడుగు కుట్టు వేస్తూ 6 మాత్రమే పెంచితే అంచు లోపలికి లాక్కుంటుంది. అంచు ఏ పక్కకి పోతోందో చూస్తే చాలు, పెంపు ఎక్కువైందో తక్కువైందో మీకే తెలిసిపోతుంది.

చేతివాటం కూడా కొంత కలుస్తుంది. పొడుగు కుట్టు వేసేటప్పుడు సూదికి ఒకసారి దారం చుట్టి, కుట్టులోకి దూర్చి, దారాన్ని పైకి లాగుతారు. సూది మీద మూడు లూపులుంటాయి. దారం తీసుకుని రెండింట్లోంచి, మళ్లీ తీసుకుని మిగిలిన రెండింట్లోంచి లాగితే కుట్టు పూర్తయింది. ఇందులో మొదట పైకి లాగిన ఆ లూపును గమనించండి. అది ఎంత ఎత్తు లేస్తే కుట్టు అంత ఎత్తు. బిగుతు చెయ్యి ఉన్నవాళ్లు దాన్ని పొట్టిగా లాగేస్తారు, అప్పుడు 12 పెంచినా అంచు కాస్త అలలు తిరగొచ్చు. లూపును సూది తల మీదుగా తీరిగ్గా పైకి తెచ్చి అక్కడ ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత మిగతాది చేయండి. కుట్లన్నీ ఒకే ఎత్తుకి వస్తాయి.

ఇక దారం. ఇక్కడ మాత్రం మీ పక్కింటావిడతో నేను ఏకీభవించను. మన ఫ్యాన్సీ షాపుల్లో ఉలన్ అని ఇచ్చే ఉండల్లో చాలావరకు అక్రిలిక్కే. చలికి వెచ్చగానే ఉంటుంది, సాగుతుంది, చవక, ఉతికితే పాడవదు. జుట్టున్న తలకైతే నేనూ వద్దనను. మీ మనవడిది అప్పుడే కత్తి పడిన తల. లేత చర్మం. కొండమీద బయట చలిగా ఉన్నా క్యూ కంపార్టుమెంట్లలో జనం మధ్య ఉక్కగా ఉంటుంది. అక్రిలిక్ చెమట పీల్చదు, చర్మం చిరచిరలాడి పిల్లాడు టోపీ పీకేస్తాడు. నూలు దారం కొనండి. సంక్రాంతికి వాళ్లు మీ ఇంటికి వస్తే ఇదే టోపీ పెట్టుకుని తెల్లవారుజామున భోగిమంట దగ్గర నిలబడతాడు. అక్రిలిక్ నిప్పురవ్వ తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. నూలు అలా కరగదు. కాలదని కాదు, నూలుకీ నిప్పంటుకుంటుంది. ఏ టోపీ అయినా మంటకి దూరంగానే ఉండాలి.

దుకాణంలో కాటన్ అని చెప్పినా చుట్టూ ఉన్న కాగితం చదవండి. మిల్క్ కాటన్ అని వచ్చే మెత్తటి ఉండల్లో అక్రిలిక్ కలిసి ఉండొచ్చు. కాగితం లేని దారమైతే ఇంటికి తెచ్చాక బెత్తెడు ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, సింకు దగ్గర నిలబడి అగ్గిపుల్ల చూపండి. నూలు కాగితం కాలిన వాసన వేసి, మెత్తటి బూడిదై రాలిపోతుంది. అక్రిలిక్ ముడుచుకుని, కరిగి, చివర నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. జుట్టు కాలిన వాసన వస్తే అది అసలు ఉన్ని. గుండు తలకి అదీ గుచ్చుకుంటుంది.

నూలు అన్నాను కదా అని లేసు దారం తెచ్చుకోకండి. నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఎన్నో తరాలుగా అల్లుతున్న లేసు, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన ఆ పనితనం, సన్నటి దారంతో, సన్నటి ఉక్కు సూదితో చేసేది. ఆ దారంతో టోపీ అల్లితే చలి ఆగదు, మీ కళ్లూ ఊరుకోవు. మీకు కావలసింది మధ్యరకం మందం. స్కేలు మీద దారాన్ని పక్కపక్కనే ఆనించి చుట్టండి, లాగకూడదు. ఒక అంగుళంలో 11 చుట్లు, అటూ ఇటూగా పడితే సరైన దారం. 16, 18 పడితే సన్నం, రెండు పోగులు కలిపి అల్లండి. 100 గ్రాములు కొంటే టోపీకి పోగా ఇంకా మిగులుతుంది. సూది 4 మిల్లీమీటర్లది, అంచుకి మూడున్నరది. మీ పట్నంబజారు వైపు లేసులు, బటన్లు అమ్మే కొట్లలో అడిగి చూడండి. మేమైతే ఇక్కడ విజయవాడలో వన్ టౌన్ దాటి ఎక్కడికీ పోము.

రంగు విషయంలో ఒక మాట. ముదురు ఎరుపు, మెరూన్ నూలు మొదటి ఉతుకుల్లో రంగు దిగుతుంది. తెల్లగుడ్డ తడిపి దారం మీద గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ దారం వద్దు. గుండు అయ్యాక ఎలాగూ గంధం రాస్తారు. గంధం ఆరాకే టోపీ పెట్టండి. అయినా కొంత అంటుతుంది కాబట్టి లేత పసుపో గంధం రంగో కొంటే ఆ బాధ ఉండదు.

కొలత లేకుండా సూది పట్టుకోవద్దు. ఇంట్లో టేపు లేదని అమ్మాయి అంటే, ఒక దారం తీసుకుని బాబు కనుబొమల పైనుంచి, చెవుల మీదుగా, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా తిప్పి, కలిసిన చోట చిటికెతో పట్టుకుని, దాన్ని స్కేలు మీద పెట్టి చెప్పమనండి. సాగే దారం కాకుండా చూడండి. ఆ వయసు పిల్లలకి 48 నుంచి 50 సెంటీమీటర్లు ఉంటుంది. బాబుకి ఒత్తైన జుట్టుంటే ఒక సెంటీమీటరు తీసేయండి, గుండు తర్వాత ఆ మేరకు తల తగ్గుతుంది. టోపీ తలకంటే కొంచెం చిన్నదిగా ఉంటేనే నిలుస్తుంది. అక్రిలిక్ అయితే సాగుతుంది కాబట్టి 3, 4 సెంటీమీటర్లు తగ్గిస్తాం. నూలు అంతగా సాగదు, 2 చాలు.

గుండు తల 48 అనుకుందాం. టోపీ చుట్టుకొలత 46. దాన్ని 3.14తో భాగిస్తే పద్నాలుగున్నర వస్తుంది. అంటే మీరు అల్లే చక్రం అడ్డంగా పద్నాలుగున్నర సెంటీమీటర్లు అయ్యేదాకా పెంచుతూ పోవాలి, అయిన క్షణం పెంచడం ఆపాలి. టోపీలో అన్నిటికంటే ముఖ్యమైన అంకె ఇదే. ఇన్ని వరసలు, ఇన్ని కుట్లు అని ఎవరు చెప్పినా అది వాళ్ల చెయ్యి, వాళ్ల దారం. ఈ అంకెని పెద్దగా ఒక కాగితం మీద రాసి ముందు పెట్టుకోండి.

4 గొలుసు కుట్లు వేసి చివరి దాన్ని మొదటి దానికి స్లిప్ స్టిచ్‌తో కలపండి. స్లిప్ స్టిచ్ అంటే సూదిని కుట్టులోకి దూర్చి, దారం తీసుకుని, సూది మీదున్న లూపులోంచి కూడా ఒకేసారి లాగేయడం. చిన్న రింగు వస్తుంది. 3 గొలుసులు పైకి వేయండి, అవి ఒక పొడుగు కుట్టుతో సమానం. రింగులోకి ఇంకో 11 పొడుగు కుట్లు వేస్తే మొత్తం 12. ఆ 3 గొలుసుల పైకొసకి స్లిప్ స్టిచ్‌తో కలపండి. రెండో వరసలో ప్రతి కుట్టులోనూ రెండేసి, 24. మూడో వరసలో ఒకటి ఒంటరిగా, తర్వాతి దాంట్లో రెండు, ఇలా చుట్టూ వేస్తే 36. నాలుగులో రెండు ఒంటరివి, ఒక జంట, 48. అయిదులో మూడు ఒంటరివి, ఒక జంట, 60. ఆరులో నాలుగు ఒంటరివి, ఒక జంట, 72.

ప్రతి వరస అయ్యాక రెండు పనులు చేయండి. ఒకటి, లెక్కపెట్టడం. రెండు, చక్రాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో సవరించడం. బల్లకి అంటుకుని పడుకుంటే బాగుంది. తప్పు లెక్క దాదాపు ఎప్పుడూ వరస కలిసే చోటే పుడుతుంది. స్లిప్ స్టిచ్‌తో కలిపినప్పుడు అక్కడ ఒక చిన్న ముడి ఏర్పడుతుంది. చూడ్డానికి అదీ కుట్టులాగే ఉంటుంది. దాంట్లోకి సూది దూర్చారా, ఒక కుట్టు ఎక్కువవుతుంది. ఆ ముడి పక్కనే ఉన్న 3 గొలుసుల పైకొసని మరిచిపోయారా, ఒకటి తగ్గుతుంది. కలపడం కాగానే ఆ పైకొసలో వేరే రంగు దారం ముక్క ఒకటి దూర్చి వదిలేయండి. ఆ వరస అక్కడే మొదలు, అక్కడే ముగింపు అని కంటికి తెలుస్తుంది. పిన్నీసు మాత్రం పెట్టకండి. పసివాడి టోపీలో మరిచిపోతే ప్రమాదం.

ఆరో వరసకి చక్రం పద్నాలుగున్నరకి రావచ్చు. 60 కుట్లకే వచ్చేస్తే అక్కడే ఆపేయండి. 72కి 13 దగ్గరే ఉంటే ఇంకో వరసలో 12 కాకుండా 6 మాత్రమే పెంచండి, అంటే 11 ఒంటరివి, ఒక జంట, 78. మధ్యలో అంచు లేస్తున్నట్టు అనిపిస్తే తర్వాతి వరస పెంచకుండా వేస్తే సర్దుకుంటుంది. లోపలికి ముడుచుకుంటుంటే ఊడదీసి అర మిల్లీమీటరు పెద్ద సూది పట్టండి.

ఇక ఇక్కణ్ణుంచి పెంచడం లేదు. కుట్టు మీద కుట్టు, చుట్టూ తిరగడమే. అంచు తనంతట తానే కిందికి వంగుతుంది. నడినెత్తి నుంచి టేపు పెట్టి చూస్తే 13 సెంటీమీటర్లు వచ్చేదాకా పొడుగు కుట్టుతో అల్లండి. ఆ తర్వాత మీ చిన్ననాటి పొట్టి కుట్టుకి మారండి. పొడుగు కుట్ల మధ్య సందులుంటాయి, గాలి దూరుతుంది. నెత్తి మీద అది మంచిదే, ఊపిరాడుతుంది. చెవుల దగ్గర మాత్రం గాలి ఆగాలి. తిరుమల దాదాపు 2,800 అడుగుల ఎత్తు. డిసెంబరు తెల్లవారుజామున మన గుంటూరు చలి అక్కడి చలికి సాటి రాదు. పొట్టి కుట్టు దట్టంగా ఉంటుంది. మొత్తం 18 సెంటీమీటర్లు వచ్చేదాకా, అంటే చెవులు మునిగేదాకా దాంతో వేసి, చివరి రెండు వరసలు మూడున్నర సూదితో అల్లితే అంచు తలని పట్టుకుంటుంది. దారం మిగిలింది కాబట్టి ఇంకో 3 సెంటీమీటర్లు పెంచి మడత పెట్టినా ముచ్చటగా ఉంటుంది. ఈ వయసులో తల ఏడాదికి ఓ సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతుంది, వచ్చే చలికాలానికి కూడా ఆ టోపీ పనికొస్తుంది.

కొసలు దాచేటప్పుడు తొందర పడకండి. మొదలుపెట్టిన రింగు దగ్గరి కొస ముఖ్యం, అది ఊడితే నడినెత్తిన చిల్లు పడుతుంది. మొద్దు సూదిలోకి ఎక్కించి, రింగు చుట్టూ ఒక తిప్పు తిప్పి లాగి, మళ్లీ ఎదురు దిశలో ఇంకో తిప్పు తిప్పి, అప్పుడు కత్తిరించండి. ముడి వేయకండి. గుండు తలకి లోపల ముడి తగిలితే ఒత్తుకుంటుంది.

తాళ్లు వద్దమ్మా. పక్కింటావిడ ప్రేమతోనే చెప్పి ఉంటారు, కానీ మెడ దగ్గర తాళ్లు పసిపిల్లలకి ప్రమాదం. ఆటలో దేనికో చిక్కుకుని బిగిస్తాయి. కొలత సరిగ్గా ఉంటే తాళ్ల అవసరమే రాదు. ఉలన్ బంతి కూడా వద్దు. ఆ వయసు పిల్లలు పోగులు పీకి నోట్లో పెట్టుకుంటారు. బటన్లు, పూసలు కూడా అంతే. మీకు మరీ ముచ్చటపడితే చివరి వరస వేరే రంగుతో వేయండి. బాబు నిద్రపోయేటప్పుడు టోపీ తీసేయమని అమ్మాయికి గట్టిగా చెప్పండి, కారులో అయినా గదిలో అయినా. నిద్రలో ముఖం మీదికి జారొచ్చు, ఒళ్లు వేడెక్కొచ్చు.

వంద రూపాయల టోపీ గురించి అమ్మాయి అన్నమాట పట్టించుకోకండి. కొన్న టోపీ వాడి గుండు కొలతకి రాదు, ఏ దారమో తెలియదు. మీరు అల్లేది వాడి తలని కొలిచి అల్లేది. అమ్మాయి చేత కొలత తీయించడంతోనే ఆమె కూడా ఈ పనిలో దిగినట్టు.

ఆ రెండు పాత టోపీలని పారేయకండి. ముడుచుకున్నది విప్పి, దారాన్ని కుర్చీ వీపుకి చిలపలా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, తడిపి నీడలో ఆరేస్తే మెలికలు పోతాయి. కొత్త దారం కొనేలోపు దాంతో మొదటి నాలుగు వరసలు అల్లి చూసుకోండి. పెద్ద పనికి ముందు చేతికి కుట్టు ఎత్తు అలవాటవుతుంది. అసలు టోపీ అయ్యాక ఒకసారి చల్లటి నీళ్లలో షాంపూ చుక్క వేసి ఉతికి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టండి. దండెం మీద వేలాడదీస్తే తడి బరువుకి నూలు సాగిపోతుంది. ఆరాక మళ్లీ కొలవండి. 46కి 47 వచ్చినా ఫర్వాలేదు. 48 దాటితే చివరి పొట్టి కుట్ల వరసలు విప్పి, చిన్న సూదితో, ప్రతి 12 కుట్లకి ఒకటి తగ్గిస్తూ తిరిగి వేయండి.

డిసెంబరుకి ఇంకా వ్యవధి ఉంది. ఆరో వరస దగ్గర చక్రం ఎంత వచ్చిందో, కుట్లు ఎన్ని ఉన్నాయో రాసి, బల్ల మీద పెట్టి పైనుంచి తీసిన ఫోటో కూడా పంపండి. అక్కడ సరిపోయిందంటే మిగతాది మీరే అల్లేస్తారు.